కాజాలమ్మ అసలు పేరు

మళ్ళీ పిలిచింది. ఇది మూడో పేరు. ఎవరూ లేవలేదు. తలుపు సగం తెరిచి, ఒక చెయ్యి గడియ మీదే ఉంచి, ఆ కొత్త డాక్టరమ్మ వరండా ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసింది. ఆమె చూపు మా మీద పడేసరికి అందరికీ ఒక్కసారే ఏదో పని గుర్తొచ్చింది. మేస్త్రి తలెత్తి తిరగని ఫ్యానుకి ఎన్ని రెక్కలున్నాయో లెక్కపెడుతున్నాడు, ఉన్నవి మూడే. రెండు జడలావిడ చేతిసంచి జిప్పు మూసి మళ్ళీ తెరుస్తోంది. నేను నా వేళ్ళు చూసుకుంటున్నాను. తలుపు మూసుకుంది. మెల్లగా మూసుకుంది, అదే నాకు నచ్చలేదు. విసురుగా వేసుంటే కోపమొచ్చిందనుకుందును, కోపమొచ్చిన మనిషి ఇంకా ఇక్కడే ఉన్నట్టు. మెల్లగా మూసేవాళ్ళే వెళ్ళిపోతారు.

ఈమె వెళ్ళిపోతే ఈ గది మూసేస్తారు. పొద్దున ఆయా దుప్పట్ల బండి తోసుకుంటూ పోతూ మా బెంచీ దగ్గర ఆగి చెప్పింది, చెప్పి కింది అంతస్తుకి పోయింది, ఇంకా రాలేదు. పెద్ద డాక్టరమ్మ పదవీ విరమణ అయిపోయిందట, ఇక రాదట. ఈ పిల్లని ఒక్కరోజు పని చూడమని పంపారట. ఉంటుందో ఉండదో మధ్యాహ్నం భోజనాల వేళకి పైవాళ్ళకి ఫోను చేసి చెప్పాలట. ఉండనంటే మన కాగితాలన్నీ పెద్ద ఊరి ఆస్పత్రికి పంపేస్తారు, అక్కడికి పోయి చూపించుకోవాలి, అంది. "అక్కడికి పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇల్లు. అక్కడి వరస చూశావా, నీ వంతు వచ్చేసరికి నీ మనవరాలికి పెళ్ళవుద్ది." నవ్వుతూనే అంది గానీ మేం ఎవరం నవ్వలేదు. రోజుకూలీ వాడు రోజంతా బస్సులో కూర్చుంటే ఆ రోజు కూలి పోతుంది. ఒకసారి మానేస్తాడు, రెండోసారి మానేస్తాడు, మాత్రలు అయిపోతాయి, తర్వాత ఏమవుతుందో మాకెవరూ చెప్పక్కర్లేదు. ఈ గదిలో మందులు బీరువా నిండా ఉన్నాయి. రాసిచ్చే చెయ్యి లేదు.

హెచ్ఐవి ఉన్నవాళ్ళని చూసే గది ఇది, పన్నెండో నంబరు. పదకొండు ఎముకలది, పదమూడు కళ్ళది. గదులు వేరైనా వరండా ఒకటే, బెంచీలు అందరికీ ఒకటే. అందుకే మాకు ఇక్కడ వేరే పేర్లున్నాయి. అప్పట్లో అసలు పేర్లతోనే పిలిచేవాళ్ళు. పాలబూత్‌లో పనిచేసే పిల్ల ఒకతి ఉండేది, ఆమె పేరు పిలుస్తుంటే ఆమె అద్దెకున్న ఇంటాయన కాలు కట్టు విప్పించుకోవడానికొచ్చి విన్నాడు, వారం తిరక్కుండా గది ఖాళీ చెయ్యమన్నాడు. ముఖం చూసినవాడు మర్చిపోతాడు, పేరు విన్నవాడు ఇంటికి మోసుకుపోతాడు. ఆ తర్వాత పెద్ద డాక్టరమ్మ ఒక్కొక్కరికీ ఒక్కో పేరు పెట్టింది. నేను మొదటిసారి వచ్చినప్పుడు నా వేళ్ళ చివర సూదిపోట్లు చూసి ఏం పని చేస్తావంది. దర్జీ షాపులో షర్టులకి కాజాలు కుడతాను, గుండీలు వేస్తానన్నాను. అయితే ఇక్కడ నువ్వు కాజాలమ్మవి, అంది. మేస్త్రి గోడలు కట్టే మేస్త్రి. రెండు జడలావిడ వచ్చిన కొత్తలో నిజంగానే రెండు జడలు వేసుకునేది, ఇప్పుడు ఉన్న జుట్టుకి ఒక జడ రావడమే గగనం, పేరు మాత్రం అదే. నోరు మూతపడనివాణ్ణి మౌనస్వామి అన్నారు. ఇన్నేళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఎవరి కూతురికి ఎన్నో నెలో తెలుసు, ఎవరికి ఏ మాత్ర పడదో తెలుసు, అసలు పేర్లు మాత్రం ఒకళ్ళవి ఒకళ్ళకి తెలియవు. ఇందాక పిలిచిన మూడూ ఎవరెవరివో నాకు తెలియదు. రెండోది మేస్త్రిదే అయ్యుంటుంది, ఆ పేరు వినగానే ఆయన మెడ కొంచెం లోపలికి పోయింది.

ఈ పెట్టుడు పేర్లు పెద్ద డాక్టరమ్మ తలలో ఉన్నాయి, పిలిచే సిస్టర్ తలలో ఉన్నాయి. డాక్టరమ్మ ఇంట్లో ఉంది. సిస్టర్‌ని జ్వరాల వార్డుకి వేశారు, అక్కడా మనుషుల్లేరట. ఈ పిల్ల ముందున్నది కంప్యూటరు, దాంట్లో ఉన్నవి అసలు పేర్లు. పాపం ఆమె తప్పేముంది. ఎవరో ఒకరు లేచి లోపలికెళ్ళి, అమ్మా, మేం ఇక్కడ ఈ పేర్లకి పలకం అని ఒక్క ముక్క చెబితే సరిపోతుంది. ఆ ఒకరు ఎవరన్నదే చిక్కు. మౌనస్వామి ఉంటే చెప్పేవాడేమో, వాడు ఇవాళ రాలేదు, అవసరానికి వాడి నోరు కూడా సెలవు పెట్టింది. నేనే లేద్దును. మామూలు రోజైతే ఈపాటికి లేచేదాన్ని. నా పక్కన మా వియ్యపురాలు కూర్చుంది.

ఎడమ మోకాలు పట్టుకుని పొద్దున్నే వచ్చింది, పదకొండో గదికి. నన్ను చూసి ముఖం చాటంత చేసుకుని, అంత వరండాలో నా పక్కనే చోటు చేయించుకుని కూర్చుంది.

"వదినగారూ, మీరేంటి ఇక్కడ?"

"కళ్ళకి. సూదిలో దారం ఎక్కట్లేదు."

"అద్దాలు పెట్టించుకోండి. పెద్ద చదువులు చదువుతున్నారుగా, అద్దాలుంటే ఇంకా నప్పుతాయి."

"మీ కాలెలా ఉంది?"

"కుడిది పర్లేదు. ఎడమది మీ అల్లుడే అనుకోండి, చెప్పిన మాట వినదు."

మా అల్లుడంటే ఈవిడ కొడుకే. అతనికి తెలుసు. పెళ్ళి మాటలప్పుడే మా అమ్మాయి అతనికి చెప్పింది, అమ్మకి ఇలా ఉంది, నాన్న పోయిందీ దీంతోనే, నాకు లేదు, పరీక్ష చేయించారు, ఇష్టమైతే చేసుకో అంది. అతను, నీకు ఇష్టమైతే చాలు గానీ మా అమ్మకి మాత్రం చెప్పొద్దు, ఆవిడకి చెప్పినా మైకులో చెప్పినా ఒకటే, అన్నాడట. అలా ఆ మాట అక్కడ ఆగిపోయింది, ఇప్పుడు మనవడు నడుస్తున్నాడు. ఈవిడ చెడ్డది కాదు. మనవడు మా ఇంట్లో ఉండగా వాడికి జలుబు చేస్తే మూడు వీధుల అవతల నుంచి కుంటుకుంటూ వస్తుంది. నేను వాడికి అన్నం కలిపి పెడుతుంటే పక్కనే కూర్చుని చూస్తుంది. రేపు తెలిస్తే ఆ గిన్నె వంక ఎలా చూస్తుందో. మా అమ్మాయిని ఏమంటుందో. ఇన్నాళ్ళూ దాచావా అంటుందా, ఏమీ అనకుండా పిల్లాణ్ణి నా దగ్గరికి పంపడం మానేస్తుందా. అంటే పడొచ్చు. అనకుండా మానేస్తే ఏం చెయ్యగలం.

మొదటి పేరు పిలిచినప్పుడే ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది. "ఆ గది ఏంటో తెలుసా మీకు? ఆ జబ్బుదట. మనం ఇక్కడ కూర్చోవచ్చంటారా?" కూర్చుంటే రాదన్నాను. "మీకన్నీ తెలుసులెండి," అని, అయినా నమ్మకం చాలక ఆ తలుపుకి దూరంగా జరిగింది. ఆ తలుపుకి దూరమంటే నాకు దగ్గర. ఇప్పుడు ఆవిడ భుజం నా భుజానికి ఆని ఉంది, వెచ్చగా ఉంది, నాకు నవ్వొచ్చింది. నన్ను ఇంత ఆనుకుని కూర్చున్నవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు. మా ఆయన పోయాక అప్పుడున్న వీధివాళ్ళు నాకు సాయం చేశారు, కూర తెచ్చిపెట్టారు, గిన్నె గుమ్మంలో పెట్టి వెళ్ళారు.

ఆయన బోరుబండి మీద పనిచేసేవాడు. నెలల తరబడి ఎక్కడెక్కడో నేలకి చిల్లులు పొడిచి, ఒంటి నిండా తెల్లటి రాతిపొడితో ఇంటికొచ్చేవాడు, తలంటుకుంటే గాని మా ఆయనో కాదో తెలిసేది కాదు. ఎక్కడ అంటుకుందో అడగలేదు. అడుగుదామనుకునేసరికి అడిగే స్థితి దాటిపోయాడు. అప్పుడు ఈ గది లేదు. ఒక ఆస్పత్రిలో ఇక్కడ చూడం అన్నారు, ఇంకోచోట చూసే డాక్టరు వారానికొకసారి వస్తాడు, వచ్చే వారం రండన్నారు. వచ్చే వారం వెళితే ఆ డాక్టరు మానేశాడన్నారు. తలుపు దగ్గరే నిలబడి చూసి మందు రాసిన డాక్టరు ఒకాయన ఉన్నాడు, ఆయన్ని మాత్రం తప్పుపట్టను, ఆయన కనీసం తలుపు దాకా వచ్చాడు. మా ఆయన పోయింది జబ్బుతోనే అంటారు తెలిసినవాళ్ళు. నాకు మాత్రం వచ్చే వారంతో పోయాడనిపిస్తుంది. ఒక వచ్చే వారం కాదు, చాలా వచ్చే వారాలు.

తర్వాత పెద్ద డాక్టరమ్మ వచ్చింది. ఆమెతో పాటు ఇంకో ఇద్దరు డాక్టర్లు ఉండేవాళ్ళు, మందులు కొత్తగా వచ్చిన రోజులు. ఒకాయన పిల్లల చదువులని పెద్ద ఊరు వెళ్ళిపోయాడు. ఇంకొకాయన చర్మం డాక్టరై మొహాలు నున్నగా చేస్తున్నాడట. మనవి తాపీపెట్టి మెత్తాల్సిన మొహాలు, ఆయనకేం ఆనతాయి, అంటాడు మేస్త్రి. కొత్తవాళ్ళు రాలేదు. ఒకప్పుడు భయపడి రాలేదు. ఇప్పుడు భయం పోయింది, అయినా రారు, ఇందులో ఏముంది, అవే మాత్రలు, అవే ముఖాలు, అని. అదీ నిజమే. మేం చావడం మానేశాం, అక్కడొచ్చింది చిక్కు. ఆ రోజుల్లో ఈ బెంచీ దానంతటదే ఖాళీ అయ్యేది, ఈసారి పక్కన కూర్చున్న మనిషి వచ్చేసారి ఉండేవాడు కాదు, ఆ చోటులో ఇంకొకరు కూర్చునేవాళ్ళు. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు, ఉన్నవాళ్ళం ఉంటూనే ఉన్నాం. ముసలివాళ్ళమై బీపీలు, షుగర్లు తెచ్చుకుని వాటికి కూడా ఇక్కడే మందు అడుగుతున్నాం. రాలాల్సిన మేం రాలలేదు, డాక్టర్లు ఒక్కొక్కరే రాలారు. చివరికి పెద్ద డాక్టరమ్మ ఒక్కతే మిగిలి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తలెత్తకుండా రాసేది. పోయినసారి నా వంతు వచ్చేసరికి ఆమె వేళ్ళు వణుకుతున్నాయి. నేను బల్ల మీద ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు వేళ్ళు నొక్కాను. ఇద్దరికీ వేళ్ళతోనే బతుకు. ఏం కాజాలమ్మా, నువ్వు నాకు వైద్యమా, అంది. అదే ఆఖరిసారని ఆమెకి తెలుసేమో, నాకు తెలియదు.

నాలుగో పేరు పిలిచింది. ఈసారి గొంతు కొంచెం తగ్గింది. మా వియ్యపురాలు పళ్ళ సందున చప్పరించి, "పాపం ఆ పిల్ల పిలిచి పిలిచి అలిసిపోతోంది, ఒక్కడూ కదలడు, బెల్లం కొట్టిన రాయిలా ఎలా కూర్చున్నారో చూడండి," అంది. ఆ రాళ్ళలో ఒక రాయి తన పక్కనే ఉంది. మేస్త్రి నా వంక చూశాడు. నేను మేస్త్రి వంక చూశాను. ఆయన కళ్ళు, నువ్వు లే అంటున్నాయి. నావీ అదే అంటున్నాయేమో. ఎదురుగా తలుపు ఇంకా మూసుకోలేదు. ఆ సందులోంచి బల్ల అంచు కనిపిస్తోంది, బల్ల మీద ఫోను కనిపిస్తోంది. ఇక్కడ రోగులెవరూ లేరండి, ఉన్నవాళ్ళు నా దగ్గరికి రామంటున్నారండి, అని చెబితే పైవాళ్ళు మాత్రం ఏమంటారు. ఆమెని వద్దన్నది మేమే అవుతాం. నోరు తెరిచి వద్దనలేదు, నోరు తెరవకుండా అన్నాం.

పేరు. నాకు పేరుండేదని నేనే మర్చిపోయిన రోజులున్నాయి. చిన్నప్పుడు పిల్లా, తర్వాత కోడలా, ఆ తర్వాత ఏమే, తర్వాత అమ్మా, ఆయన పోయాక ఫలానావాడి పెళ్ళాం, ఇక్కడికొచ్చాక కాజాలమ్మ. షాపు మేడ మీద సాయంత్రాలు ఒక పంతులమ్మ పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పేది. మనవడు పుట్టిన ఏడు వెళ్ళి కూర్చున్నాను. ముందు ఏం రాయడం నేర్చుకుంటావని అడిగితే నా పేరన్నాను. నా పేరు మధ్యలో ఒక ఒత్తుంది, అక్షరం కింద వేలాడుతూ, దారం తెగబోయే గుండీలా. అది ఊడిపోకుండా రాయడానికే నాకు వారం పట్టింది. రాసి చూసుకుని, ఇంత పేరు పెట్టారా నాకు, అనుకున్నాను. మా అమ్మ తప్ప ఆ ఒత్తుని ఎవరూ పలికి ఎరగరు, అందరూ మింగేసేవాళ్ళు, ఆయనతో సహా.

తలుపు మూసుకోలేదు. ఆమె లోపలికి తిరిగి కంప్యూటరు చూసి, మళ్ళీ గుమ్మంలోకి వచ్చి, ఈసారి వరండా వంక చూడకుండా, గోడకి చెబుతున్నట్టు పిలిచింది. ఇంటిపేరు. తర్వాత నా పేరు. ఒత్తు పలికింది.

పక్కన భుజం కదిలింది. "వదినగారూ, అది మీ పేరేగా? శుభలేఖలో వేయించాం." తల అడ్డంగా ఊపొచ్చు. ఆ పేరున్నవాళ్ళు ఊళ్ళో ఎంతమంది లేరు. ఒక్కసారి తల ఊపితే మనవడు నా ఒళ్ళోనే ఉంటాడు, అమ్మాయి కాపురం దాని దారిన అది పోతుంది, మధ్యాహ్నానికి ఈ తలుపుకి తాళం పడుతుంది. తర్వాత నేను బస్సెక్కి పోగలను, నాకు ఓపికుంది. మేస్త్రి పోడు. ఆయన సంగతి నాకు తెలుసు, పని మానుకుని ఎక్కడికీ పోడు. రెండు జడలావిడకి బస్సు పడదు, రెండు మలుపులకే కక్కుకుంటుంది. వాళ్ళకి చెబుతారు, వచ్చే వారం రండి, అని. నా కాళ్ళు నేను చెప్పకముందే కదిలాయి. చెప్పి కదిలించి ఉంటే ఇంకా గొప్పగా ఉండేది గానీ, కదిలింది చాలు.

"నేనేనమ్మా," అన్నాను. కాస్త గట్టిగానే వచ్చింది, పదమూడో గది ముందున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు.

వియ్యపురాలు నా మణికట్టు పట్టుకుంది. "అది కళ్ళ గది కాదు వదినగారూ. కళ్ళది అటు."

"తెలుసు. నా కళ్ళు బాగానే ఉన్నాయి. నేను వచ్చింది ఈ గదికే, ఎప్పుడూ ఈ గదికే వస్తాను. నాకుంది. మీ కోడలికి లేదు, మీ మనవడికి లేదు. మీ అబ్బాయికి అన్నీ తెలుసు. కోప్పడాలంటే నన్ను కోప్పడండి, వాళ్ళని కాదు."

ఆవిడ చెయ్యి నా మణికట్టు మీదే ఉండిపోయింది, ఉండాలో తియ్యాలో దానికి ఎవరూ చెప్పనట్టు. నేనే మెల్లగా విడిపించి ఆవిడ ఒళ్ళో పెట్టి, లోపలికి నడిచాను.

లోపల పెద్ద డాక్టరమ్మ కుర్చీ ఎత్తు ఈ పిల్లకి సరిపోలేదు, కాళ్ళు నేలకి ఆనీ ఆనకుండా ఉన్నాయి. దగ్గరగా చూస్తే మా అమ్మాయికన్నా చిన్నది. కూర్చోమంది. బయట ఎవరూ లేరా అని అడిగింది. బెంచీల నిండా ఉన్నారన్నాను. మరి? అంది. చెప్పాను, పాలబూత్ పిల్ల సంగతి, కాజాలమ్మ సంగతి, మేస్త్రి సంగతి. ఆమె వింటూ వింటూ రెండు చేతులూ మొహం మీద పెట్టుకుంది. "నేను అందరి పేర్లూ గట్టిగా అరిచాను," అంది. "ఇంటిపేర్లతో సహా." అరిచావు తల్లీ, అన్నాను, ఇకముందు అరవకు.

రక్తపరీక్ష కాగితం చూసింది. వైరస్ కనబడనంత తక్కువగా ఉందని, బీపీ మాత్రం కొంచెం పెరిగిందని చెప్పింది. ఇవాళ పెరక్కపోతే ఎప్పుడు పెరుగుతుందన్నాను. నవ్వింది, నవ్వు వెంటనే పోయింది. మందులు మూడు నెలలకి రాసింది. రాసి, కింద తేదీ వెయ్యాల్సిన చోట పెన్ను ఆపింది. మళ్ళీ ఎప్పుడు రావాలో ఆ తేదీ అక్కడ వేస్తారు, వేసినవాళ్ళు ఆ రోజు ఇక్కడ ఉంటారు, అదీ లెక్క. ఆమెకీ ఆ సంగతి అప్పుడే తట్టినట్టుంది.

"తేదీ తర్వాత వేసిస్తారు," అంది. "మీరు వెళ్ళండి."

"ఎవరు వేసిస్తారు?"

ఫోను వంక చూసింది. "నాకు ఈ జబ్బుల గురించి నేర్పింది కొన్ని వారాలేనండీ. ఒక్కదాన్నే ఇంతమందిని ఎలా చూడను? పెద్ద మేడమ్‌తో పాటు ఇద్దరున్నా చేతకాక వెళ్ళిపోయారట."

భయపడకు, ఏం ఫర్వాలేదు అని చెప్పొచ్చు, చెబితే అబద్ధం. కష్టమే. అలిసిపోతుంది, వేళ్ళు వణుకుతాయి. ఇంకొకరిని పంపమని పైవాళ్ళని అడగాలి, ఆమె ఒక్కతే అడిగితే చాలదు, ఈ బెంచీ మొత్తం వెళ్ళి అడగాలి, అసలు పేర్లతో సంతకాలు పెట్టి అడగాలి. అదంతా తర్వాతి పని. ఇప్పుడు నేను చెయ్యగలిగింది ఒక్కటే. కుర్చీ ఇంకొంచెం ముందుకి లాక్కుని కూర్చున్నాను.

"నేను ఎవరో వేసే తేదీకి రానమ్మా. నువ్వుండే తేదీ వెయ్యి. వేసేదాకా ఇక్కడే కూర్చుంటాను, నాకు తొందరేం లేదు."

ఆమె నన్ను చూసింది. నేను ఆమెని చూశాను. ఫోను మోగింది, ఆమె తియ్యలేదు, మోగి మోగి ఆగిపోయింది. బయట ఏదో గొడవ వినిపించింది, ఎవరో తలుపు తొయ్యబోతున్నట్టు, ఎవరో అడ్డుకుంటున్నట్టు. మేస్త్రి గొంతు. రెండో పేరు నాదేనమ్మా, ఇందాక వినబడలేదు, అంటున్నాడు. దాని మీద మా వియ్యపురాలి గొంతు, వరండా మొత్తానికీ వినబడేలా.

"ఉండవయ్యా, మా వదినగారు ఇంకా లోపలే ఉంది. ఇంతసేపు వినబడనివాడివి ఇంకో నిమిషం వినబడకుండా ఉండలేవా? నాతో కళ్ళని చెప్పింది. కళ్ళట. బయటికి రానీ ఆవిడ సంగతి చెప్తా."

చెబుతుంది. చాలా చెబుతుంది, సాయంత్రం దాకా చెబుతుంది, మా ఇంటికొచ్చి మరీ చెబుతుంది. రానీ. డాక్టరమ్మ తలుపు వంక చూసి, నా వంక చూసి, గోడనున్న కేలండరు కాగితాలు ఒకటి, రెండు, మూడు తిప్పింది.

"సోమవారం వెయ్యనా?"

"సోమవారం షాపుకి కొత్త బట్టలొస్తాయి," అన్నాను. "మంగళవారం వెయ్యి."